టిన్నుల కిరీటం

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి ముందు ఎవరు నిలబడినా "చౌడప్పా, ఉండావా?" అనే పిలిచేవాళ్ళు. ఈ ఏడు ఊళ్ళో భారతం ఉత్సవాలు మొదలైన మూడో రోజున, దుర్యోధనుడి వేషం కట్టే గుణశేఖర్ మోటార్‌సైకిల్ దిగి, అరుగు మీద కూర్చున్న చౌడప్పను దాటుకుని లోపలికి తొంగిచూసి "అక్క లేదా?" అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని గుంజను దాటినట్టు దాటేశాడు. ఆ ఒక్క మాటకు చౌడప్ప కడుపులో రాజుకున్న మంట పద్దెనిమిదో రోజుదాకా ఆరలేదు.

చౌడప్పకు యాభై ఎనిమిదేళ్ళు. ఏడాదిలో పది నెలలు నగరిలో పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు నడుపుతాడు. ఎండాకాలం ఊరూరా భారతాలు మొదలయ్యే ముందు సెలవు పెట్టి ఇంటికొచ్చి, వీధినాటకాల వాళ్ళకు కిరీటాలూ భుజకీర్తులూ చేస్తాడు. మెత్తటి కొయ్య చెక్కి, దాని మీద అట్ట వేసి, చింతగింజల బంకతో మెరిసే జిగినా కాగితమూ అద్దం ముక్కలూ అతికిస్తాడు. ఈ విద్య వాళ్ళ నాయన గురప్పది. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ ధర్మరాజులూ భీములూ చౌడప్ప కిరీటాల కిందే పద్యాలు పాడారు. ఆ బరువుకు తెల్లారేసరికి వాళ్ళ నుదుటి మీద వాతలు తేలేవి. ఎవరైనా మొత్తుకుంటే "రాజ్యమంటే బరువే గదప్పా" అని నవ్వేసేవాడు. నొప్పి తనది కాదు కాబట్టి నవ్వు సులభంగానే వచ్చేది.

పుత్తూరు దాటి కార్వేటినగరం దారి పట్టుకుంటే వచ్చే నాగలకండ్రిగలో, ధర్మరాజుల గుడి ముందర మైదానంలో ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి నేల మీద వెల్లకిలా మలుస్తారు. వేషం కట్టిన దుర్యోధనుడు ఆ బొమ్మ మీద ఎగిరి దూకి గద తిప్పి, చివరికి భీముడి చేతిలో తొడ విరిగి పడాలి. అంతకు ముందు ఒక తంతు ఉంది. వేషాలు కట్టే పందిట్లో దుర్యోధనుడికి కొత్త కిరీటం పెట్టాలి. కిరీటం చేసిన చెయ్యే దాన్ని తలకు కట్టాలి. కడుతున్నప్పుడు ధర్మకర్త మునిరామయ్య మైకు పట్టుకుని "గురప్ప కొడుకు చౌడప్ప చేసిన కిరీటం" అని మూడు సార్లు చెబుతాడు. మైదానమంతా వింటుంది. ఏడాది పొడుగునా మగ్గాల రొదలో పక్కవాడు పిలిచినా వినబడని మనిషికి ఆ మూడు పిలుపులే ప్రాణం. వాటి కోసమే అతను బతికేవాడంటే అబద్ధం కాదు.

ఆ పిలుపుకు ఎసరు పెట్టింది పరాయివాళ్ళయితే చౌడప్ప ఊరందరికీ చెప్పుకుని తిట్టుకునేవాడు. పెట్టింది ఇంటి మనిషి, పెళ్ళాం ప్రసూనాంబ. ఎవరితో చెప్పుకుంటాడు?

అంతా పోయిన ఏడు మొదలైంది. పదిహేనో రోజున గాలివాన కొట్టి వేషాల పెట్టెలోకి నీళ్ళు దూరాయి. దుర్యోధనుడి కిరీటం మీద జిగినా అంతా ఊడి, ముఖం కడుక్కున్న వేషగాడిలా అట్ట బయటపడింది. చౌడప్ప చూస్తే విషజ్వరంతో మంచం మీద ఉన్నాడు. గుణశేఖర్ ఆ నాటకం మేళానికి పెద్ద, దుర్యోధనుడి వేషం అతనిదే. తడిసిన కిరీటం తెచ్చి వాకిట్లో పెట్టుకుని తల పట్టుకున్నాడు. ప్రసూనాంబ మైదానంలో ఏరుకొచ్చిన ఖాళీ టిన్నుల గోతాం పక్కనే ఉంది. కూల్‌డ్రింకు టిన్నులు, బీరు టిన్నులు, శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సులు దిగే కుర్రకారు తాగి పారేసే రకరకాల టిన్నులు. జనం పోయాక వాటిని ఏరి పాత సామాన్ల అంగడికి వెయ్యడం ఆమెకు అలవాటు. పారేసిన వస్తువును దాటి పోలేని మనిషి. ఆ రోజు ఏం తోచిందో ఒక టిన్నును కత్తెరతో నిలువునా చీల్చి విప్పింది. పైన రంగులూ రాతలూ ఉన్నా, లోపలివైపు వెండి రేకులా తళుక్కుమంది. ఆకుల్లా కత్తిరించి, లోపలివైపు పైకి తిప్పి, ఊడిన చోటల్లా కుట్టేసింది.

పద్దెనిమిదో రోజు ఆ కిరీటానికి ఎండ తగిలేసరికి జనం ఈలలు వేశారు. మైకులో మాత్రం ఎప్పటిలాగే చౌడప్ప పేరే మోగింది. జ్వరంతోనే లేచి వెళ్ళి కిరీటం కట్టి వచ్చాడు. అప్పుడే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది గానీ, పేరు మనదైనంతవరకూ అతుకులు ఎవరు వేస్తే ఏమిటని సర్దుకున్నాడు. సర్దుకోవడంలో మన మగవాళ్ళకు ఉన్న నేర్పు ఇంకెవరికీ లేదు.

ప్రసూనాంబ మాత్రం ఆగలేదు. తిరుపతి జాతరకు వెళ్ళినా, పుత్తూరులో తిరునాళ్ళకు వెళ్ళినా గోతాం చంకన పెట్టుకునే వెళ్ళింది. టిన్నులను చింతపండు పులుసూ బూడిదా వేసి తోమడం, కుంపటి మీద చూపించడం, వేడికి రంగు ఊడి రేకు మెత్తబడ్డాక మడవడం తనకు తనే నేర్చుకుంది. వేళ్ళన్నీ తెగాయి. గుడ్డ పీలికలు చుట్టుకుని మళ్ళీ కూర్చుంది. చౌడప్ప సెలవులకు వచ్చినప్పుడల్లా చూసి "ఏమ్మే, ఇంట్లో ఈ డబ్బాల మోత ఏంది? మనుషులు ఉండేదా, వొద్దా?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వే అతనికి కాలేది.

ఈ ఏడు భారతానికి ఆమె మరో పని చేసింది. మేదరి వాళ్ళ చేత ఎత్తయిన వెదురు బుట్ట అల్లించి, దానికి పాత పంచెలు చుట్టి, కోరలూ గుడ్లూ పెట్టి, నోరు ఇంత తెరిచి బకాసురుణ్ణి చేసింది. సోడా అంగళ్ళ పక్కన నిలబెట్టి "బకాసురుడికి ఆకలేస్తాండాది. టిన్నులు ఈడ వెయ్యండి" అని అట్ట మీద రాయించి మెడలో కట్టింది. అంతే, మైదానంలో ఒక్క టిన్ను కింద పడలేదు. తాగినవాడు తాగినట్టే దూరం నుంచి గురిచూసి ఆ నోట్లోకి విసరడం, పడితే కేకలు, తప్పితే ఎగతాళి. ముసలివాళ్ళు కూడా పక్కవాణ్ణి తొందరపెట్టి టిన్ను ఖాళీ చేయించి మరీ విసిరారు. మొదటి రోజే ఎవరో ఫోన్లో తీసి పెడితే వేలమంది చూశారట. కాణిపాకం నుంచి ఒక ఉత్సవాల పెద్ద వచ్చి, మాకూ ఒక బకాసురుడు కావాలని అడిగి పోయాడు.

"మీ ఆమె బలే పని చేసిందప్పా" అని దారిలో నలుగురూ అంటే చౌడప్ప తల ఊపేవాడు. తల ఒక్కటే ఊగేది, పళ్ళు మాత్రం బిగుసుకునే ఉండేవి. ముప్ఫై ఏళ్ళలో తన పనిని ఒక్కడు ఫోటో తియ్యలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, తనను ఎవరూ మెచ్చుకోనందుకు కాదు అతని బాధ, ఆమెను మెచ్చుకున్నందుకు.

ఇదిగో, ఇలాంటప్పుడు గుణశేఖర్ వచ్చి "అక్క లేదా?" అన్నాడు.

ప్రసూనాంబ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"అక్కా, ఈ తూరి దుర్యోధనుడి కిరీటం నువ్వే చెయ్యాల. అతుకులు గాదు, కిరీటం మొత్తం టిన్నులతోనే," అన్నాడు గుణశేఖర్. "నాకు మెడ నరం పట్టుకుండాది. డాక్టరు బరువు మొయ్యొద్దన్న్యాడు. నువ్వు చేసేది పూలబుట్ట మాదిరి ఉంటాది గదా."

ప్రసూనాంబ భర్త వైపు చూసింది. "ఆయన చేసి పెట్టేసినాడు గదప్పా. జిగినా గూడా అంటించేసినాడు."

"అన్న చేసింది ధర్మరాజుకు పెడతాం. ధర్మరాజు కూర్చునే ఉంటాడు, ఏం గాదు. ఎగిరి దూకేవాణ్ణి నేను. ఇంగొగ మాట, చేసినోళ్ళ పేరే మైకులో చెప్పాల గదా. మునిరామయ్యతో నీ పేరే చెప్పిస్తా."

అని వెళ్ళిపోయాడు. చౌడప్ప అరుగు మీదే ఉన్నాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

"ఏమయ్యా, చెయ్యమంటావా?" అంది ప్రసూనాంబ కొంతసేపటికి.

"నన్నెందుకు అడుగుతావు? నేనెవుర్ని?" అన్నాడు చౌడప్ప.

వద్దంటే మానేసేది. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ వద్దంటే ఎందుకు వద్దన్నావని ఊరు అడుగుతుంది, ఓర్వలేకపోయాడని అనుకుంటుంది. నిజంగానే ఓర్వలేకపోతున్నాడు కాబట్టి ఆ మాట పడడం మరీ కష్టం.

ఆ తర్వాత పన్నెండు రోజులూ చౌడప్ప చేసిన చిల్లర పనులు చెబితే నవ్వొస్తుంది. కత్తెర తీసి బియ్యం డబ్బాలో దాచాడు. ఆమె అన్నం వండబోయి తీసుకుంది. చిన్న మేకుల పొట్లం పక్కింటి వాళ్ళకు ఇచ్చేశాడు. పక్కింటావిడ "అక్కా, ఇవి నీకే గదా పని" అని తెచ్చిచ్చింది. ఆమె తల వంచుకుని రేకులు మడుస్తుంటే ఎదురుగా కూర్చుని "అది వంకర," "ఇది నిలవదు," "నాయన ఉండుంటే నేలకేసి కొట్టేవాడు" అనేవాడు. ఆమె ఒక్కోసారి "యాడ వంకర? చూపించు" అనేది. చూపించడానికి దగ్గరికి వంగితే అక్కడ వంకర ఉండేది కాదు. అప్పుడు వచ్చే కోపం అంతా ఇంతా కాదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని తెలిసినా ఏ పిల్లి మాత్రం శపించడం మానింది!

పదిహేనో రోజు పొద్దున్నే చౌడప్ప చొక్కా వేసుకుని, మునిరామయ్య ఎరువుల అంగడికి వెళ్ళాడు. మునిరామయ్య డెబ్బై దాటిన మనిషి. గుడి పనుల్లో ఆయన మాటే చెల్లుతుంది.

"అన్నా, ఒగ సంగతి చెప్పాల," అన్నాడు చౌడప్ప. "ఆ టిన్నులు ఎవురెవురో తాగినవి. ఎంగిలి. బీరు తాగినవి గూడా ఉండాయి. అట్లాంటి ఎంగిలి డబ్బాలు తెచ్చి, గుడి ముందర రాజు తల మీద పెడితే ఊరికి మంచిదేనా? నా పెళ్ళామని నేను చెప్పకుండా ఉంటే తప్పు గదా."

మునిరామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కడిగిందా?"

"చింతపండుతో తోమతాది."

"నిప్పుకు చూపించిందా?"

చౌడప్ప ఎరువుల బస్తాల వైపు చూశాడు.

"చూపిస్తాదని గుణశేఖర్ చెప్పినాడులే," అన్నాడు మునిరామయ్య. "నిప్పుకు ఎంగిలి యాడిదప్పా? నలుగురూ తాగిన ఇత్తడి చెంబు తోమి దేవుడికి నీళ్ళు పెడతాండాము గదా. పో, పోయి ధర్మరాజు కిరీటం పని చూసుకో."

వచ్చేటప్పుడు చౌడప్ప బకాసురుడి ముందు నుంచే రావలసి వచ్చింది. నోరు తెరుచుకుని నవ్వుతున్నట్టే ఉంది. ఎవరూ చూడకుండా దాని అడుగున ఒక తన్ను తన్నాడు. లోపల టిన్నులు గలగలమన్నాయి.

పదిహేడో రోజు మధ్యాహ్నం ప్రసూనాంబ బకాసురుడి కడుపు ఖాళీ చెయ్యడానికి మైదానానికి వెళ్ళింది. ఇంట్లో చౌడప్ప ఒక్కడే ఉన్నాడు. నడవలో పీట మీద కిరీటం ఉంది, పైన పాత చీర కప్పి ఉంది. చూడకూడదనే అనుకున్నాడు. నీళ్ళు తాగడానికి లేచినవాడు నీళ్ళు తాగకుండానే చీర తీశాడు.

అతను చేతిపనివాడు. చూడగానే తెలిసిపోయింది. కింద వెదురు చట్రం, దాని మీద వరసలు వరసలుగా తామరరేకులు, ప్రతి రేకూ పక్కదాని కిందికి సగం దూరి ఉంది. మేకు ఎక్కడ కొట్టిందో బయటికి కనబడదు. వాకిలి నుంచి వచ్చే వెలుగు మీద పడితే రేకు రేకుకూ దారి వెతుక్కుంటూ పైదాకా ఎక్కి, కొసన ఆగింది. జిగినా అలా మెరవదు. ఎంత బాగున్నా జిగినా కాగితమే. చౌడప్ప ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చుట్టూ తిరిగి చూశాడు. ఎత్తి చూశాడు. బరువే లేదు. ఇంత తేలికైనది నిలుస్తుందా, జారుతుందా అనుకున్నాడు. జారితే బాగుండునని కూడా అనుకున్నాడు. గోడకున్న అద్దం ముందు నిలబడి తలకు పెట్టుకున్నాడు.

జారలేదు. నుదురు దగ్గర నొక్కలేదు. లోపల మెత్తటి నూలు పట్టీ వేసి కుట్టింది. తల ఆడించాడు, మెడ తిప్పాడు, చిన్నగా గంతు వేశాడు. కిరీటం అతని తలతో పాటే కదిలింది. అద్దంలో ఇన్నేళ్ళుగా చూడని మనిషి, రాజు, కనిపించాడు. చౌడప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెచ్చుకుని కాదు, అంత మంచి మనసు ఆ క్షణంలో అతనికి లేదు. ఈ పని నేనెందుకు చెయ్యలేకపోయానన్న ఏడుపు అది.

అప్పుడు గుర్తొచ్చింది. చటుక్కున కిరీటం తీసేశాడు.

వాళ్ళ నాయన గురప్ప పెట్టిన నేమం ఒకటుంది. కిరీటం చేసినవాడు దాన్ని తన తలకు పెట్టుకోకూడదు. పెట్టుకుంటే అది ఆట వస్తువు, ఇంక రాజుకు పనికిరాదు, విరిచి ఏట్లో వెయ్యాల్సిందే. చిన్నప్పుడు ఒకసారి చౌడప్ప తను చేసిన భీముడి కిరీటం ముచ్చటపడి పెట్టుకుంటే, గురప్ప చెంప మీద కొట్టి, వారం రోజుల పనిని రోకలితో చితక్కొట్టాడు. ఆ దెబ్బ తర్వాత చౌడప్ప ఏ కిరీటాన్నీ తలకు పెట్టుకోలేదు. ఊళ్ళో అందరికీ ఈ నేమం తెలుసు. మునిరామయ్యకు ఇంకా బాగా తెలుసు.

ముందు గుండె ఝల్లుమంది. ఎంత పని చేశాను! అనుకున్నాడు. కిరీటం చీర కింద ఎప్పటిలా పెట్టి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్న కొంతసేపటికి ఆ ఝల్లు నెమ్మదిగా తీపిగా మారింది. పాడైపోయింది. నేమం ప్రకారం ఆ కిరీటం పాడైపోయింది! ఎరువుల అంగడికి పోయి బతిమాలినా దొరకని ఆయుధం ఇంట్లోనే తన తల మీదే దొరికింది. ఒక్క మాట చెబితే చాలు. కాస్త సిగ్గుపడాలి, పడితే పడ్డాడు. దుర్యోధనుడు తన జిగినా కిరీటంతోనే బయటికి వస్తాడు, మైకులో తన పేరే మోగుతుంది. సాయంత్రం ప్రసూనాంబ వచ్చి "అన్నం తిన్న్యావా?" అంటే, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి మంచిగా "తిన్న్యాను మే" అన్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

పద్దెనిమిదో రోజు ఎండ ఎక్కకముందే మైదానం నిండిపోయింది. మట్టి దుర్యోధనుడు సున్నమూ రంగులూ పూసుకుని కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు. వేషాలు కట్టే పందిట్లోకి ఆడవాళ్ళు రారు. అందుకని ప్రసూనాంబ కిరీటాన్ని చీరతో సహా భర్త చేతికిచ్చి, "నువ్వే కట్టెయ్యి. ఎవురు కడితే ఏమి?" అని పందిరి ముందు కట్టిన తాడు దగ్గర ఆగిపోయింది. వేళ్ళకు కొత్త గుడ్డ పీలికలు ఉన్నాయి. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. తన పేరు వినడానికి కట్టుకుంది.

పందిట్లో గుణశేఖర్ ముఖానికి రంగు పూసుకుని కూర్చున్నాడు. మునిరామయ్య చేతిలో మైకు ఉంది. చీర తీయగానే లోపలున్న వేషగాళ్ళందరూ ఒక్కసారి "అబ్బా!" అన్నారు. ఆ "అబ్బా" చౌడప్ప చెవిలో సీసంలా దిగింది. అతనిలో మిగిలి ఉన్న కాస్త మొహమాటం దాంతో పోయింది.

"ఆగండప్పా," అన్నాడు. "ఈ కిరీటం పనికిరాదు."

"ఏమైంది?" అన్నాడు మునిరామయ్య.

"నిన్న నేను తలకు పెట్టుకున్న్యాను. మా నాయన నేమం మీకు తెలుసు గదా. ఇంగ ఇది రాజుకు పెట్టకూడదు."

గుణశేఖర్ రంగు ముఖంలో కళ్ళు పెద్దవయ్యాయి. "ఎందుకు పెట్టుకుంటివన్నా?" అన్నాడు.

చౌడప్ప రాత్రంతా అన్ని జవాబులూ సిద్ధం చేసుకున్నాడు, దీనికి తప్ప. "ఊరికే," అన్నాడు.

మునిరామయ్య మైకును కిందికి దించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నేమం నాకు తెలుసప్పా. చేసినోడు పెట్టుకోగూడదు. మంచిది. ఈ కిరీటం చేసింది నువ్వేనా?"

ఈ ప్రశ్న చౌడప్ప మనసుకు తట్టనే లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో కిరీటం అంటే తనది, నేమం అంటే తనకు. తను పెట్టుకుంటే పాడైపోతుందనుకున్నాడే గానీ, పాడవడానికి ముందు అది తన పని అయి ఉండాలని తోచలేదు.

మునిరామయ్య వెటకారానికి అడగలేదు. ఆయనకు నేమం సంగతి తేలాలి. గుణశేఖర్ చెప్పింది విన్నాడు, చౌడప్ప ఫిర్యాదు విన్నాడు. అయినా ఎవరి చెయ్యి ఎంత పడిందో ఇంట్లోవాళ్ళే చెప్పాలి. అవునంటే చాలు. కిరీటం ఆగిపోతుంది, అంత అందమైనదాన్ని చేసినవాడన్న పేరు కూడా తనకే వస్తుంది. ఒక్క అబద్ధానికి రెండు లాభాలు. చౌడప్ప తాడు వైపు చూశాడు. ప్రసూనాంబకు అన్నీ వినబడ్డాయి. ఆమె కాదని అరవలేదు. అరవదు కూడా. నలుగురిలో ఏనాడూ అతని మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. అవునంటే తల వంచుకుని ఇంటికి పోతుంది, వంట చేస్తుంది, కత్తెరను ఎక్కడో పడేస్తుంది. అంతే. గెలుపు అంత దగ్గరగా ఉంది.

కానీ పేరు మోగితే వినేది తనే కదా. పోయిన ఏడు నాలుగు అతుకులు తనవి కానందుకే ఆ పిలుపు చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు ఒక్క రేకు కూడా తనది కాదు. ఈ మడత ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేడు. అసూయపడ్డాడు నిజమే, కత్తెర దాచాడు, చాడీ చెప్పాడు. ఇంకొకరి చేతిపనిని నాది అనడం మాత్రం గురప్ప కొడుకు నోటికి రాలేదు.

"కాదు," అన్నాడు.

"గట్టిగా చెప్పప్పా."

"నేను చెయ్యలేదు. నా చెయ్యి దీనిమీద పడలేదు."

"మరి ఎవురు చేసినారు?"

"మా ఇంట్లో వాళ్ళు."

"ఇంట్లో వాళ్ళంటే మైకులో ఏమని చెప్పేది? పేరు చెప్పు."

పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో చౌడప్ప ఆమెను "మే" అని పిలిచాడు, "ఏమ్మే" అని పిలిచాడు, నలుగురిలో "మా ఆడోళ్ళు" అన్నాడు. ఆ పేరు నోటికి అలవాటు లేదు.

"ప్రసూనాంబ," అన్నాడు.

మునిరామయ్య తల ఊపాడు. "అట్లయితే కిరీటానికి ఏమీ కాలేదు. చెయ్యనోడు పెట్టుకుంటే నేమానికి ఏమి నష్టం? ఆమెనే పిలవండి, చేసిన చెయ్యే కట్టాల."

"ఆడోళ్ళు పందిట్లోకి రాకూడదు గదన్నా," అన్నాడు ఎవరో.

"అయితే నేనే బయటికి పోతా," అని గుణశేఖర్ లేచాడు. గద పక్కన పెట్టి, కిరీటం రెండు చేతుల్లో పట్టుకుని తాడు దగ్గరికి వెళ్ళి, దాన్ని ప్రసూనాంబ చేతికిచ్చి, తాడు మీదుగా తల వంచాడు. దేవుడికీ గురువుకీ వంగని దుర్యోధనుడు అట్లా వంగేసరికి చుట్టూ ఉన్న జనం కేకలు వేశారు. ప్రసూనాంబ కిరీటం పెట్టి నాడాలు కట్టింది. మునిరామయ్య మైకులో మొదలుపెట్టాడు.

"ప్రసూనాంబ చేసిన కిరీటం! ప్రసూనాంబ చేసిన కిరీటం! ప్రసూనాంబ చేసిన కిరీటం!"

వేషగాళ్ళందరూ చూడడానికి తాడు దగ్గరికి పోగా పందిట్లో చౌడప్ప ఒక్కడే మిగిలాడు. ఆ మూడు పిలుపులూ విన్నాడు. నిజం చెప్పాడు కాబట్టి మనసు తేలికైందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక్కో పిలుపూ ఒక్కో వాతలా తగిలింది. బయటికి వచ్చి నిలబడి యుద్ధం చూశాడు. గుణశేఖర్ మట్టి బొమ్మ గుండెల మీద నుంచి పొట్ట మీదికి, పొట్ట మీద నుంచి తొడల మీదికి దూకుతుంటే కిరీటం మెరుపులు చల్లింది. చివర తొడ విరిగి పడ్డప్పుడు కూడా ఒక్క రేకు రాలలేదు. చౌడప్ప రాలుతుందేమోనని కడదాకా చూశాడు.

జనం మట్టి బొమ్మ మీద పడి, పంట కలిసొస్తుందని గాదెల్లో వేసుకోవడానికి పిడికెడు పిడికెడు మట్టి తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తొక్కిడిలో బకాసురుడు బోర్లా పడి, కడుపులో ఉన్నవన్నీ మైదానమంతా దొర్లాయి. ప్రసూనాంబ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, గోతాం పట్టుకుని ఏరడం మొదలుపెట్టింది. చౌడప్ప వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"వచ్చే ఏడు దుర్యోధనుడి కిరీటం నేను చేస్తా," అన్నాడు చివరికి. "టిన్నులతోనే. నీకంటే బాగా చేస్తా."

ప్రసూనాంబ తల ఎత్తి చూసింది. కోపంగా చూడలేదు, జాలిగానూ చూడలేదు. సాటి పనివాణ్ణి చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"చెయ్యి," అంది. "అయితే నీ టిన్నులు నువ్వే ఏరుకోవాల. నావి ఇయ్యను."

గోతాం లాక్కుంటూ ముందుకు వెళ్ళిపోయింది. చౌడప్ప చుట్టూ చూశాడు. సోడా అంగడివాళ్ళు చూస్తున్నారు, వేషాలు కడుక్కుంటున్న భీముడూ ధర్మరాజూ చూస్తున్నారు. మూడు రోజుల కింద ఎంగిలి అన్నవాటి మధ్య కాసేపు నిలబడి, పంచె ఎగ్గట్టి వంగాడు. మొదటిది సొట్టపోయింది, పారేశాడు. రెండోదానికి చిల్లు, పారేశాడు. మూడోది పొడుగ్గా, ఎక్కడా మడత లేకుండా బాగుంది. ఆమె అటు తిరిగి ఉండగా దాన్ని గబుక్కున తువ్వాలు కింద దాచుకున్నాడు.